ఒటీలియ చూడని పందేలు

మా ఊళ్ళో ఒటీలియ కుర్పిష్ గొంతు తెలియని ఇల్లు లేదు. ముఖం తెలిసిన ఇళ్ళు మాత్రం తక్కువ. ఆమె పోస్టాఫీసు మేడ మీద టెలిఫోన్ బోర్డు ముందు కూర్చునేది. నేను కింద పార్సిళ్ళ గదిలో ఉండేదాన్ని. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. పిల్లలున్న ఆడవాళ్ళకు ఆదివారం సెలవు కావాలి గనక ప్రతి ఆదివారం డ్యూటీ ఆమె మీదే పడేది. ఆ డ్యూటీయే ఆమెను వ్యాఖ్యాతను చేసింది.

మా ఊరికి రెండే గొప్పలు. ఒకటి రైలు పెట్టెలు బాగుచేసే కార్ఖానా, రెండోది మోటారు సైకిళ్ళ క్లబ్బు. నల్ల చిట్టెం పరిచిన గుండ్రటి బాట, బ్రేకులు లేని నాలుగు బళ్ళు, నాలుగు చుట్లు. మన జట్టువాళ్ళు ఇద్దరు, అవతలి జట్టువాళ్ళు ఇద్దరు. ఒక్కో పందెం ఒకటిన్నర నిమిషం కూడా ఉండదు. అలాంటివి పదమూడు పూర్తయితే ఒక మ్యాచి. సొంత ఊళ్ళో మ్యాచి ఉంటే ఊరంతా మైదానంలోనే ఉండేది. పొరుగూళ్ళో ఉంటే మాత్రం ఊరికి ఊరే గోడ రేడియో కింద చేరేది. గోడ రేడియో అంటే వంటింటి గోడకు తగిలించిన చెక్కపెట్టె. దానికి ఉన్నది ఒకటే మీట. ఆ మీటతో గొంతు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, అంతకు మించి ఏమీ లేదు. ఊళ్ళోని ఆ పెట్టెల తీగలన్నీ పోస్టాఫీసు మేడ మీదికే వచ్చేవి.

ఒటీలియ పినతండ్రి కొడుకు సెవెరిన్ క్లబ్బు లారీ నడిపేవాడు. పొరుగూరి నుంచి ప్రతి పందెం కాగానే అతను ట్రంక్ కాల్‌లో ఫలితం చెప్పేవాడు. క్లబ్బు గుమాస్తా ఆ మేడ మీదే కూర్చుని దాన్ని మైకులో చదివేవాడు. ఒక ఆదివారం గుమాస్తాకు గొంతు పోయింది. "నువ్వే చదివెయ్యమ్మా, నాలుగు పేర్లేగా" అని కాగితం ఆమె చేతిలో పెట్టి ఇంటికి పోయాడు.

ఆమె చదివింది. మొదటి స్థానం ఫలానా, రెండో స్థానం ఫలానా, ఇంత కాలం. చదివి మైకు ఆపిందో లేదో కార్ఖానా హాస్టల్ నుంచి ఫోను వచ్చింది.

"ఏమ్మా, అంతేనా?"

"అంతే. ఇంకేం కావాలి?"

"మనవాడు మొదట్నించీ ముందున్నాడా, చివర్లో దాటాడా? అది తెలీకపోతే మాకు ముద్దెలా దిగుతుంది?"

ఆ ప్రశ్న ఆమెకు నచ్చిందట. తరువాత చాలా ఏళ్ళకు నాకు చెప్పింది. రెండో పందెం తరువాత సెవెరిన్ ఫోను చేయగానే అదే ప్రశ్న అతన్ని అడిగింది. మూడో పందెం తరువాత ఇంకో ప్రశ్న చేర్చింది. నెల తిరిగేసరికి సెవెరిన్‌కు పిచ్చెక్కింది.

నేను టీ తీసుకుని పైకి వెళ్ళినప్పుడు ఈ మాటలు నా చెవినే పడ్డాయి.

"లోపలి గీత మీద నిలబడ్డది ఎవరు?" అంది ఒటీలియ.

"తెల్ల హెల్మెట్టు. మన అలోయ్జీ."

"బాట తడిగా ఉందా?"

"రెండో మలుపులో నీళ్ళు ఎక్కువ కొట్టారు."

"ఎండ ఎటుంది?"

"ఒసే ఒటిల్కా, ఎండతో నీకేం పనే? ఇక్కడ నా వెనక ఆరుగురు ఫోను కోసం నిలబడ్డారు."

"ఎండ కళ్ళల్లో పడితే అలోయ్జీ రెండో మలుపులో బయటికి పోతాడుగా. తడి ఉంటే ఇంకా పోతాడు. పోయాడా లేదా?"

 సెవెరిన్ గొంతు తగ్గించి, "పోయాడు. నీకెలా తెలిసింది?" అన్నాడు.

ఆమె ముందు టెలిగ్రాం ఫారం వెనకవైపున కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత గీసి ఉండేది. దాని మీద నాలుగు కోటు బొత్తాలు: ఎరుపు, నీలం, తెలుపు, పసుపు. ఫోను పెట్టేశాక ఆమె ఆ బొత్తాలను గీత మీద నిలబెట్టి, ట్రంక్ కాల్స్ నిడివి లెక్కపెట్టే గడియారం నొక్కి, మైకు తెరిచేది. పందెం డెబ్బై ఎనిమిది సెకన్లు పట్టిందని సెవెరిన్ చెబితే ఆమె మాటలు కూడా సరిగ్గా డెబ్బై ఎనిమిది సెకన్లు నడిచేవి. వేలితో బొత్తాలు తోస్తూ, ఎవరు ఎవరి పక్కన దూరారో, ఎవరు తడబడ్డారో, ఎవరు ఊపిరి బిగబట్టారో చెప్పేది. జరిగిపోయిన పందెం మా ఊళ్ళో నాలుగు నిమిషాల తరువాత మళ్ళీ జరిగేది. కిటికీ తెరిస్తే వీధిలో ప్రతి వంటింటి నుంచీ ఆమె గొంతే వినపడేది. సూపు చల్లారిపోయినా ఎవరికీ పట్టేది కాదు.

ఆమె అక్కడే మైదానంలో ఉండి చెబుతోందని ఊరంతా నమ్మింది. ఎవరూ వాళ్ళతో అలా అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. జట్టు బస్సులో ముందు సీట్లో ఆమెను చూశానని మా మేనమామ ఒట్టేసి చెప్పాడు. పోస్టాఫీసు వాళ్ళం నవ్వుకుని ఊరుకున్నాం. అసలు వింత అది కాదు. నేను ఒకసారి, "అక్కా, మన ఊరి మ్యాచిలో కూర్చుని చూస్తే ఇంకా బాగా చెప్పొచ్చు కదా?" అన్నాను. ఆమె బొత్తాలు డబ్బాలో వేస్తూ, "నేనింతవరకూ ఒక్క పందెం కూడా చూళ్ళేదు రెజీనా. ఆదివారాలన్నీ ఇక్కడేగా" అంది. సోమవారంనాడు కిందికి దిగినప్పుడు స్టాంపుల వరసలో నిలబడిన మగవాళ్ళు వాదించుకునే మాటలు వింటూ నేర్చుకుందట అంతా.

ఇలా ఐదేళ్ళు నడిచింది.

అరవై మూడు జూన్‌లో విస్తులా నదికి అవతల ఒక ఊళ్ళో మ్యాచి. ఎనిమిది పందేలు బాగానే గడిచాయి. తొమ్మిదో దాని తరువాత ఫోను మోగింది. సెవెరిన్ "ఒటిల్కా, అలోయ్జీ..." అన్నాడు. అక్కడితో లైను తెగింది. దారిలో ఎక్కడో గాలివాన. ఆమె ప్లగ్గులు మార్చి మార్చి ప్రయత్నించింది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. బోర్డు మీద దీపాలు వెలగడం మొదలైంది. కార్ఖానా, ఆసుపత్రి, అగ్నిమాపక కేంద్రం, అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏమైంది, ఆగిపోయిందేం?"

నేను పక్కనే ఉన్నాను. ఆమె బొత్తాల వంక చూసింది. గడియారం నొక్కింది. మైకు తెరిచింది.

ఆ పందెం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. చివరి చుట్టులో అలోయ్జీ పడ్డాడని చెప్పింది. బండి అతని మీద నుంచి దొర్లిందని చెప్పింది. లేచాడంది. కుంటుతూ, చచ్చిన బండిని తోసుకుంటూ, అరవై గజాలు నడిచి గీత దాటి ఒక్క పాయింటు తెచ్చాడంది. కింద వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అదంతా ఆమె కల్పించిందని తెలిసి కూడా.

పావుగంట తరువాత పార్సిళ్ళ బండితో స్టేషనుకు వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద అలోయ్జీ తల్లి పెలాగియ నిలబడి ఉంది. కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు. చేతిలో సంచి లేదు, నెత్తిన రుమాలు లేదు.

"ఎక్కడికండీ?" అన్నాను.

"వాడి దగ్గరికి. బండి మీద నుంచి దొర్లిందట. నడిచాడంటోంది ఆవిడ, కానీ వాడు చిన్నప్పట్నించీ అంతే, ఎముక విరిగినా నడుస్తాడు."

నేను నోరు తెరిచేలోగా రైలు వచ్చింది. ఆమె ఎక్కింది. నేను బండి అక్కడే వదిలేసి పోస్టాఫీసుకు పరిగెత్తాను.

నేను మెట్లెక్కేసరికి లైను కలిసింది. సెవెరిన్ చెబుతున్నాడు. "తొమ్మిదో దాంట్లో అలోయ్జీ అసలు దిగలేదు. ఇంజను మొరాయించింది. బదులు కుర్రాడు దిగి ఆఖరున వచ్చాడు. అదే చెప్పబోతుంటే లైను పోయింది."

నేను పెలాగియ సంగతి చెప్పాను. ఒటీలియ ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది. ముందు రైల్వేవాళ్ళకు ఫోను చేసింది. ఫలానా రైల్లో ఉన్ని చెప్పులతో ఒక పెద్దావిడ ఉంటుంది, వచ్చే జంక్షనులో దింపండి, కొడుక్కి ఏమీ కాలేదని చెప్పండి, వేడి టీ ఇవ్వండి అంది. తరువాత మైకు తెరిచింది.

"తొమ్మిదో పందెంలో నేను చెప్పింది జరగలేదు. అలోయ్జీ పడలేదు, ఆ పందెంలో దిగనే లేదు. లైను తెగితే నేను కల్పించాను. నేను అక్కడ లేను. ఎప్పుడూ లేను. ఐదేళ్ళుగా పోస్టాఫీసులో కూర్చునే చెబుతున్నాను. పెలాగియగారిని ఎవరైనా జంక్షనుకు వెళ్ళి తీసుకురండి."

ఆ తరువాత మిగిలిన నాలుగు పందేలూ పేర్లు, కాలాలు మాత్రం చదివింది.

ఊరు తిట్టలేదు. తిడితే బాగుండేదేమో. సోమవారం స్టాంపుల వరసలో ఒక ముసలాయన స్టాంపును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, కిటికీలో స్టాంపులమ్మే అమ్మాయిని అడిగాడు.

"ఏమ్మా, ఇదైనా నిజమైందేనా?"

ఎవరూ నవ్వలేదు. మేడ మీద నుంచి ఆమెను దింపి కిందికి, ఆ స్టాంపుల కిటికీ దగ్గరికే పంపారు. ఆదివారం డ్యూటీ తీసేశారు. మైకు ముట్టుకోకూడదన్నారు. ఆమె పెలాగియ ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి క్షమాపణ చెప్పుకుంది. పెలాగియ తలుపు సగమే తెరిచి, "చెప్పులు పాడయ్యాయి, అంతే. పోనివ్వు" అందట. లోపలికి మాత్రం రమ్మనలేదు.

రెండు వారాలకు అలోయ్జీ వచ్చాడు. పొడుగ్గా, చేతులకు ఎప్పుడూ వదలని నూనె మరకలతో ఉండేవాడు. కిటికీ ముందు నిలబడి మొహమాటంగా టోపీ తీశాడు.

"నేనెలా పడ్డానో ఒకసారి చెబుతారా?"

ఒటీలియ తల దించుకుంది. "ఎగతాళి చెయ్యకు నాయనా."

"ఎగతాళి కాదండీ. నా పందేలు ఐదేళ్ళుగా ఊరంతా విన్నది, నేనొక్కణ్ణే వినలేదు. వాటిలో నేనుంటాను కదా. పోయినేడు ఒకసారి మా అమ్మ అంది, మూడో మలుపులో భలే లోపలికి దూరావటరా అని. నేను దూరలేదు. ఎవరూ దూరరు అక్కడ, ఏ బాటకైనా గోతులుంటాయి. ఈవిడెందుకలా చెప్పిందబ్బా అనుకుని తర్వాతి వారం మన మైదానంలో దూరి చూశాను. ఇద్దర్ని దాటేశాను."

ఒటీలియ తల ఎత్తింది. నేను త్రాసు దగ్గర నిలబడి ఇదంతా వింటున్నాను. రెండు వారాల్లో మొదటిసారి ఆమె కళ్ళల్లో ఆ పాత ఆరా కనిపించింది.

"గోతులా? ఎంత లోతు?"

"వచ్చి చూడండి. మీకిప్పుడు ఆదివారాలు ఖాళీయేగా" అన్నాడు అలోయ్జీ.

వెళ్ళడానికి ఆమెకు భయం. నన్ను తోడు రమ్మంది. కొయ్య బల్లల మీద మూడో వరసలో కూర్చున్నాం. బళ్ళ ముందు అడ్డంగా కట్టిన ప్రారంభపు తాళ్ళు పైకి లేచాయి, నాలుగు బళ్ళూ మొదటి మలుపులోకి వచ్చాయి, చిట్టెం వడగళ్ళలా మా మీద పడింది. ఒటీలియ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పందెం అయిపోయాక కూడా వదల్లేదు.

"రెజీనా, బళ్ళు పక్కకి పోతున్నాయి."

"అవునక్కా. మలుపులో అలానే పోతాయి."

"ముందు చక్రం ఒకవైపు, బండి ఒకవైపు. నేను ఐదేళ్ళూ సైకిలు తిరిగినట్టు తిప్పాను వాళ్ళని. ఎవరూ చెప్పలేదేం నాకు?"

ఎవరు చెబుతారు? అది అందరికీ తెలిసిందే, తెలిసినదాన్ని స్టాంపుల వరసలో ఎవరూ మాట్లాడుకోరు. ఆమె ఊహించుకున్న మైదానం కంటే అసలుది చాలా చిన్నదట. ఇంజన్లలో పోసే ఆముదం కాలిన వాసన సంగతి కూడా ఆమెకు తెలియదు. మ్యాచి అయ్యాక బాట చదును చేసేవాళ్ళ దగ్గరికి, మెకానిక్కుల దగ్గరికి, గేటువాడి దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కరినీ ఆపి అడిగింది. రైడర్ ఎడమ బూటుకి ఇనుప రేకు ఎందుకు? నీళ్ళు ఎప్పుడు కొడతారు? ఇంజను చప్పుడు సన్నబడితే ఏమైనట్టు? చీకటి పడబోతోందని నేను ఈడ్చుకొచ్చాను.

అరవై ఐదులో మైదానం వ్యాఖ్యాత వేరే ఊరికి బదిలీ అయ్యాడు. అలోయ్జీ, సెవెరిన్ కలిసి క్లబ్బు పెద్దలతో మాట్లాడారు. అబద్ధాలకోరుకి మైకిస్తారా అని ఒకరిద్దరు అడ్డుపడ్డారు. "ఇప్పుడు చెప్పేది అందరూ చూస్తుండగా కదా, ఎక్కడ అబద్ధమాడుతుంది?" అన్నాడట సెవెరిన్. ఆ మాట పనిచేసింది.

మొదటి మ్యాచి ఘోరంగా పోయింది. బొత్తాలైతే ఆమె వేలి వేగంతో నడిచేవి, బళ్ళు ఆగవు. ఆమె రెండో చుట్టు చెబుతుండగా గెలిచినవాడు హెల్మెట్టు తీసేస్తున్నాడు. అంతా నవ్వులే. వెనక వరసల నుంచి ఎవడో అరిచాడు.

"ఒటీలియగారూ, ఫోను చేసి చెప్పమంటారా?"

ఆమె కూడా నవ్వింది, మైకులోనే. ఆ నవ్వు జనానికి నచ్చింది. కానీ ఆమెకు తన నాలుక మీద కోపం వచ్చింది. మరుసటి వారం నుంచి పని అయ్యాక రోజూ రైల్వే గేటు దగ్గర నిలబడేది. గూడ్సు బండి పోతుంటే ఒక్కో పెట్టె మీది అంకెలు, రంగు, సరుకు పైకి చదివేది. మొదట నాలుగింటికి ఒకటి అందేది. గేటువాడు ఆమెను తనిఖీకి వచ్చిన అధికారిణి అనుకుని టోపీ సర్దుకునేవాడు. అసలు సంగతి తెలిశాక అతనే, "ఈసారి మీకు పందొమ్మిది పెట్టెలు దొరికాయి, రెండు జారాయి" అని లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. శీతాకాలమంతా అలా గడిచింది. వసంతంలో మ్యాచులు మొదలయ్యేసరికి ఆమె మాట బళ్ళతో సమానంగా నడిచింది.

ఒక నియమం మాత్రం పెట్టుకుంది. చూసిందే చెబుతుంది. దుమ్ము కమ్మేసినా, నలుగురూ ఒకరినొకరు కప్పేసినా, "నాకు కనిపించలేదు" అనేది. ముందు వ్యాఖ్యాతలెవరూ అలా అనలేదు. మొదట్లో జనం గొణిగారు. తరువాత్తరువాత ఆ మాటకే విలువ వచ్చింది. రెఫరీ నిర్ణయం మీద గొడవ లేస్తే, "ఒటీలియ చూసిందా?" అని అడిగేవాళ్ళు. చూశానంటే సగం గొడవ అక్కడే చల్లారేది. ఆమె చెప్పేది తీగల మీద ఆసుపత్రికి, కార్ఖానాలో షిఫ్టు చేసేవాళ్ళకు కూడా వెళ్ళేది.

డెబ్బై ఒకటి సెప్టెంబరులో అలోయ్జీ పడ్డాడు. ఈసారి నిజంగా. పదకొండో పందెం, చివరి చుట్టు. అప్పటికి నేను పోస్టాఫీసు పని కాక ఆమె పక్కన కూర్చుని పాయింట్లు రాసేదాన్ని. పెలాగియ ఎప్పుడూ కూర్చునే చోటే, ఎదురు వరసలో ఉంది. ఎనిమిది వేలమంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. కంచె దగ్గర ఏముందో వెనకవాళ్ళకు కనిపించదు. పోయాడన్న మాట అప్పటికే వరస నుంచి వరసకు పాకుతోంది. పెలాగియ కూడా లేచింది.

ఒటీలియ మైకు దగ్గరికి లాక్కుంది. 

"అలోయ్జీ పడ్డాడు. వెనకవాడి చక్రం అతని చక్రానికి తగిలింది. బండి కంచె అవతలికి పోయింది, అతని మీద పడలేదు. అతను లేవలేదు. డాక్టరు దగ్గరికి చేరాడు. ముఖం నాకు కనిపించడం లేదు." మెడ చాచి చూసింది.  "ఎడమ చెయ్యి కదిపాడు. నేను చూశాను. మళ్ళీ కదిపాడు. డాక్టరుతో ఏదో అంటున్నాడు. ఏమన్నాడో నాకు తెలీదు. స్ట్రెచరు మీదికి ఎత్తారు. కళ్ళు తెరిచే ఉన్నాయి."

నేను ఎదురు వరస వంక చూశాను. పెలాగియ కూర్చుంది. రుమాలు ముడి సర్దుకుని, తరువాత నెమ్మదిగా లేచి, జనం దారి ఇస్తుంటే అంబులెన్సు వైపు నడిచి వెళ్ళింది. పరిగెత్తలేదు.

తుంటి ఎముక విరిగింది. అలోయ్జీ మళ్ళీ పందెంలో దిగలేదు. ఏడాదికి కర్ర లేకుండా నడిచాడు, క్లబ్బులోనే బాట చదును చేసే ట్రాక్టరు నడిపాడు. అతను పడిన మూడో రోజునే పెలాగియ పోస్టాఫీసుకు వచ్చింది. వేడిగా గుడ్డలో చుట్టిన బంగాళాదుంపలు, గిన్నెలో ఉల్లి వేసి కలిపిన జున్నుముద్ద స్టాంపుల కిటికీలోంచి లోపలికి తోసింది.

"తిను. చల్లారితే బాగోదు."

"ఎలా ఉన్నాడు?" అంది ఒటీలియ.

"తిడుతున్నాడు అందర్నీ. బాగానే ఉన్నాడు." వెళ్ళబోతూ ఆగింది. "అందరూ పోయాడన్నారు. నువ్వు చెయ్యి చూశానన్నావు. అందుకే కాళ్ళు నిలిచాయి."

ఇంకేమీ అనలేదు. ఆ ఆదివారం నుంచి మధ్యాహ్నం సూపుకి ఒటీలియ ఆ ఇంటికే వెళ్ళేది.

ఆమె మైదానంలో పందొమ్మిదేళ్ళు మైకు పట్టింది. ఎనభై నాలుగులో కంటిలో పొర మొదలైంది. ఒక మ్యాచిలో ఆరుసార్లు "నాకు కనిపించలేదు" అంది. అంతకు ముందు ఏడాది మొత్తం మీద ఆరుసార్లు అని ఉండదు. మ్యాచి కాగానే క్లబ్బు గదికి వెళ్ళి, వచ్చే సీజనుకి మనిషిని వెతుక్కోండి అని చెప్పింది. వాళ్ళు బతిమాలారు. రెజీనా పక్కన ఉండి చెవిలో చెబుతుంది కదా అన్నారు. "అది ఒకసారి చేశాను, చాలు" అంది.

కంటికి ఆపరేషను జరిగింది, చూపు చాలావరకు తిరిగి వచ్చింది. కానీ మైకు దగ్గరికి మళ్ళీ పోలేదు. ఇంకో పన్నెండేళ్ళు బతికింది, ప్రతి మ్యాచికీ వచ్చింది. రెండో మలుపు దగ్గర నా పక్కన కూర్చునేది. చుట్టూ జనం అరుస్తుంటే ఆమె పెదవి కదిపేది కాదు. కొత్త వ్యాఖ్యాత తప్పు చెప్పినా దిద్దేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, ఒక్క మాటైనా మాట్లాడవేం? కోపమా?"

"కోపం దేనికి? ముందు చూడకుండా మాట్లాడాను. తర్వాత చూస్తూ మాట్లాడాను. ఊరికే చూస్తే ఎలా ఉంటుందో తెలుసుకుందామని."

"ఎలా ఉంది మరి?"

ప్రారంభపు తాళ్ళ దగ్గర నాలుగు బళ్ళు వచ్చి నిలబడ్డాయి. ఆమె ముందుకు వంగింది.

"ఉండు, ఇదొకటి చూడనీ."